టైసన్ తల తప్పించడం నేర్చిన ఇసుక సంచి: స్లిప్ బ్యాగ్ సమీక్ష

స్లిప్ బ్యాగ్ అంటే జానెడు పొడవున్న తోలు సంచి. కింద గుండ్రంగా, పైన సన్నగా ఉంటుంది. లోపల ఇసుక పోసి, తాడు కట్టి, ముక్కు ఎత్తులో వేలాడదీసి ఊపుతారు. అది మొహం మీదికి వస్తుంటే తల పక్కకు తప్పించాలి. దీన్ని గుద్దాల్సిన పని లేదు. బాక్సింగ్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకు పెద్ద పంచింగ్ బ్యాగ్ కన్నా ముందు కొనాల్సింది ఇదే. ముఖ్యంగా ఇంట్లోనో వీధిలోనో దెబ్బలు తిని పెరిగిన పిల్లలకు.

అలాంటి పిల్లలకు దెబ్బ ఓర్చుకోవడం ముందే అలవాటై ఉండొచ్చు. దాంతోపాటు ఎదుటివాడి చెయ్యి లేస్తే చాలు, కళ్లు మూసుకుని ముడుచుకుపోవడమూ రావచ్చు. కోచ్‌లు మొదటిది చూసి మురిసిపోతారు. బౌట్‌లో (పోటీలో) ఓడగొట్టేది రెండోది. న్యూయార్క్ రాష్ట్రం క్యాట్‌స్కిల్‌లో, పోలీస్ స్టేషన్ పైఅంతస్తు జిమ్‌లో బాక్సింగ్ కోచ్ కస్ డమాటో పట్టుకున్నది ఈ రెండోదాన్నే. పిరికివాడికీ వీరుడికీ భయం ఒకటేననీ, ఆ క్షణంలో చేసే పనిలోనే తేడా అనీ ఆయన చెప్పేవాడు. న్యూయార్క్ నగరంలోని బ్రౌన్స్‌విల్ వీధుల్లో ముద్దమాటలకు వెక్కిరింపులు పడి, దొంగతనాలకు దొరికి, బాలుర సంస్కరణ పాఠశాలకు చేరిన మైక్ టైసన్‌ను ఆయన దగ్గరికి తెచ్చింది అక్కడి ఉద్యోగి, మాజీ బాక్సర్ బాబీ స్టూవర్ట్. 5 అడుగుల 10 అంగుళాల టైసన్ తనకన్నా పొడుగువాళ్ల జాబ్‌లను (ముందుచేత్తో సూటిగా విసిరే గుద్దులను) దాటి లోపలికి వెళ్లాలంటే తల నిలకడగా ఉంటే కుదరదు. అందుకే ఈ సంచి. 1986 నవంబర్ 22న ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్‌లోనే ఆపి, 20 ఏళ్లకే హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు.

సంచి చాలావరకు ఖాళీగానే వస్తుంది. ఇసుకను ఎండబెట్టి, జల్లించి, రెండు పాలిథిన్ కవర్లలో మూటకట్టి లోపల పెట్టండి. నేరుగా పోస్తే కుట్ల సందుల్లోంచి కళ్లలో పడుతుంది. కిలో దాటించొద్దు. మిగిలిన ఖాళీలో పాతగుడ్డలు కుక్కండి. కొందరు మొక్కజొన్నలు పోస్తారు కానీ పురుగు పడుతుంది, ఎలుకలూ వస్తాయి.

ఊగే వేగాన్ని బరువు మార్చదు, తాడు పొడవు మారుస్తుంది. పది అడుగుల శ్లాబు నుంచి పదేళ్ల పిల్లాడి ముక్కు దాకా వేలాడదీస్తే తాడు దాదాపు 175 సెంటీమీటర్లు అవుతుంది, ఒకసారి వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు దాటుతుంది. మొదట్లో ఆ నిదానమే మంచిది. అదే గుమ్మం పైకమ్మీకి కడితే తాడు 75 సెంటీమీటర్లే, రాకపోకలు 1.7 సెకన్లలో అయిపోతాయి.

గార్డ్ (మొహానికి కాపుగా ఎత్తిన పిడికిళ్లు) చెంపలకు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడాలి. సంచి వస్తుండగా భుజం తిప్పుతూ తల పక్కకు జరపాలి. చెవి పక్కనుంచి రాసుకుపోయేంత జరిగితే చాలు. అది వెనక్కి వెళ్లగానే మధ్యకు రావాలి, తర్వాతిసారి రెండోవైపు. పిల్లలకు నిమిషం చొప్పున మూడు రౌండ్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి.

ఎక్కువగా జరిగే తప్పు నడుము దగ్గర వంగి నేలచూపులు చూడటం. అలా వంగినవాడికి అప్పర్‌కట్ (కిందినుంచి పైకి వచ్చే గుద్దు) సిద్ధంగా ఉంటుంది. కళ్లు మూసే పిల్లలకు మొదటి రోజుల్లో ఇసుక తీసేసి గుడ్డలే ఉంచండి. మొహానికి తగిలినా ఏమీ కాదని తెలిసేదాకా వేగం పెంచొద్దు, కేకలు అసలే వద్దు. అరుపు వినగానే ముడుచుకునే పిల్లలకు అరిచి నేర్పితే ఆ ముడుచుకోవడమే గట్టిపడుతుంది.

అసలు లోపం వేరే ఉంది. ఇది లోలకం, మోసం చేయదు. రెండు వారాల్లో పిల్లలు సంచిని చూడటం మానేసి దాని తాళానికి ఊగడం మొదలుపెడతారు. అప్పుడు పక్కన ఒకరు నిలబడి తాడును ఎప్పుడంటే అప్పుడు లాగాలి. ఫెయింట్‌ను (కొట్టబోతున్నట్టు నటించి మోసగించడాన్ని) పసిగట్టడానికి మాత్రం జతగాడితో సాధన తప్ప దారి లేదు.

సంచి ఎదుట గడిపిన గంటలు బాల్యం గాయాలన్నీ మాన్పుతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. డమాటో శిష్యుడే అయిన ఫ్లాయిడ్ ప్యాటర్సన్ కూడా దొంగతనాలు చేసి సంస్కరణ పాఠశాలకు వెళ్లినవాడే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో స్వర్ణం, 1956లో 21 ఏళ్లకే హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. రింగ్ బయట మృదుస్వభావిగా పేరుపడ్డాడు. టైసన్ 1992లో అత్యాచారం కేసులో దోషిగా తేలి జైలుకెళ్లాడు. ఇద్దరికీ గురువు ఒకరే.

కొనేముందు పైకొసన తాడు కట్టే రింగ్ దగ్గర కుట్టు చూడండి. జంటకుట్టు లేనిది ముందు అక్కడే తెగుతుంది. సింథటిక్ తోలు వానాకాలం పెచ్చులూడుతుంది, మందపాటి కాన్వాస్ నయం. దర్జీ చేత పాత జీన్స్ గుడ్డతో కుట్టించుకున్నా పని జరిగిపోతుంది.