కెయాలకెకువా బేలో కయాక్ బుక్ చేస్తున్నారా? ముందు పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో అడగండి

హవాయి బిగ్ ఐలాండ్‌కు వెళ్ళే ప్లాన్‌లో ఉన్న మనవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేము శాన్ హోసేలో ఉంటాం. పోయిన నెల ఆ ద్వీపంలోని కోనా వెళ్ళాం. మా వారు, 11 ఏళ్ళ మా అబ్బాయి, హైదరాబాద్ నుంచి వచ్చిన మా మరిది, నేను. అక్కడ కయాక్ (తెడ్డు వేసి నడిపే చిన్న పడవ) అద్దెకిచ్చే ఒకరి దగ్గర మోసపోయాం. డబ్బు పోయినందుకు కాదు, ప్రాణం మీదికి వచ్చినందుకు రాస్తున్నాను.

కెయాలకెకువా బే (అఖాతం) కైలువా-కోనా ఊరికి దక్షిణంగా, కారులో అరగంట దూరంలో ఉంటుంది. బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ 1779 ఫిబ్రవరి 14న చనిపోయింది ఇక్కడే. ఆయన పేరుతో 1874లో కట్టిన తెల్లటి స్తంభం అవతలి ఒడ్డున, కావలోవా అనే చోట ఉంది. ఆ స్తంభం ముందున్న పగడాల దిబ్బ కోసమే అందరూ వెళ్తారు. 1969 నుంచి ఈ బే సముద్ర జీవుల రక్షిత ప్రాంతం. తూర్పు నుంచి వచ్చే గాలిని మౌనా లోవా పర్వతం అడ్డుకుంటుంది కాబట్టి పొద్దున పూట నీళ్ళు చెరువులా ఉంటాయి. నీటి అడుగున పసుపు పచ్చ చేపల గుంపులు పైనుంచే కనిపిస్తాయి. అందులో అబద్ధమేమీ లేదు, అంత అందమైన నీళ్ళు నేను ఇంకెక్కడా చూడలేదు.

మోసం ఎక్కడంటే, స్తంభం దగ్గరికి రోడ్డు లేదు. కొండ మీది నుంచి కాలిబాటలో దిగాలి, లేదా పడవలో వెళ్ళాలి. అందుకే కయాక్ అద్దె అనగానే మనం ఆశపడతాం. నేను ఆన్‌లైన్‌లో చూసిన ప్రకటనలో "పర్మిట్‌తో సహా, స్తంభం దగ్గర దిగవచ్చు, డాల్ఫిన్లతో ఈదవచ్చు" అని ఉంది. ఒక్కో కయాక్‌కు 110 డాలర్ల చొప్పున రెండింటికి 220 డాలర్లు ముందే కట్టేశాను. ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది.

ఆ బేలో కయాక్ తిప్పాలంటే రాష్ట్ర పార్కుల శాఖ పర్మిట్ ఉండాలి. కానీ ఆ పర్మిట్ ఉన్నంత మాత్రాన కావలోవా దగ్గర ఒడ్డుకు దిగే హక్కు రాదు. అక్కడ కయాక్ దింపడానికి, ఇటువైపు నాపోఓపోఓ రేవు నుంచి నీళ్ళలోకి దించడానికి అనుమతి ఉన్నది కొద్ది కంపెనీలకే, అదీ గైడ్‌తో నడిపే టూర్లకు మాత్రమే. ఉత్తి కయాక్ అద్దెకు ఇచ్చి "దిగండి, ఏం కాదు" అన్నారంటే, తమది కానిదాన్ని మీకు అమ్ముతున్నారని అర్థం.

మాకు కయాక్‌లు ఇచ్చిన మనిషి రేవు దగ్గరికి రమ్మనలేదు. కొంచెం అవతల రోడ్డు పక్కన కలిశాడు. తొమ్మిదింటికి అని చెప్పి పదిన్నరకు వచ్చాడు. "ఎవరైనా అడిగితే ఇవి మీ సొంత కయాక్‌లని చెప్పండి" అన్నాడు. ఆ మాట వినగానే వెనక్కి తిరగాల్సింది. మా వారు కూడా "వద్దులే, పోదాం పద" అన్నారు. అంత దూరం వచ్చాం, అబ్బాయి ఆశపడుతున్నాడు అని నేనే బలవంతపెట్టాను.

లైఫ్ జాకెట్లు అన్నీ పెద్దవాళ్ళ సైజే. మా అబ్బాయికి వేసి భుజాల దగ్గర పట్టుకుని లేపితే జాకెట్ చెవుల దాకా వచ్చేసింది. చిన్నది కావాలంటే "పట్టీలు బిగించండి చాలు" అన్నాడు. మరిదికి ముఖమంతా కప్పే మాస్క్ ఇచ్చాడు.

వెళ్ళేటప్పుడు సుఖంగానే వెళ్ళాం. దాదాపు ఒక మైలు, ముప్పావు గంట పట్టింది. స్తంభం దగ్గరికి చేరి ఒడ్డుకు తిప్పుతుంటే, ఇంకో గ్రూప్‌ను తీసుకొచ్చిన గైడ్ చెయ్యి ఊపి ఆపాడు. మా కయాక్‌లకు అక్కడ దిగే అనుమతి లేదని, అధికారులు చూస్తే జరిమానా మాకే పడుతుందని మర్యాదగా చెప్పాడు. ఇక ఇద్దరు కయాక్‌లు పట్టుకుని నీళ్ళ మీదే ఉండటం, మిగతా ఇద్దరు ఈదడానికి నీళ్ళలోకి దిగటం అనుకున్నాం.

మరిది, నేను దిగాం. పది నిమిషాలు కాకుండానే "వదినా, ఊపిరి ఆడట్లేదు" అని అతని గొంతు. మామూలు స్నార్కెల్ (నీళ్ళలో ముఖం పెట్టి ఈదుతూ గాలి పీల్చుకునే గొట్టం) అయితే నోట్లోంచి ఉమ్మేసి గాలి పీల్చుకోవచ్చు. ఆ మాస్క్ తల చుట్టూ పట్టీలతో బిగించి ఉంటుంది, కంగారులో దాన్ని లాగడం రాలేదు. నేను దగ్గరికి చేరేసరికి ముఖం పాలిపోయింది. ఆ గైడే ఈదుకుంటూ వచ్చి మాస్క్ పీకేసి, అతన్ని కయాక్ పట్టుకునేలా చేశాడు. హవాయిలో టూరిస్టులు మునిగి చనిపోయే ఘటనల్లో స్నార్కెలింగ్ చేస్తుండగా జరిగేవే ఎక్కువ. ఆ సంగతి నాకు ఆ సాయంత్రం హోటల్‌లో చదివేదాకా తెలియదు.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. దారిలో సముద్రం మీది నుంచి గాలి మొదలై, కయాక్‌లను పక్కకు, నిట్టనిలువుగా ఉన్న కొండ వైపు నెట్టింది. వచ్చిన దూరమే, గంటన్నర పట్టింది. పెద్ద జాకెట్‌లో మా అబ్బాయి వణుకుతూ కూర్చున్నాడు. తొమ్మిదింటికే బయలుదేరి ఉంటే ఈ గాలి మాకు తగిలేదే కాదు.

డాల్ఫిన్ల సంగతి కూడా చెప్పాలి. స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా వేటాడి, పగలు ఇలాంటి ప్రశాంతమైన బేలలోకి వచ్చి విశ్రాంతి తీసుకుంటాయి. 2021 నుంచి తీరానికి దగ్గర్లో వాటికి 50 గజాల లోపు వెళ్ళడం అమెరికా చట్టం ప్రకారం నేరం. వాటితో ఈదిస్తామని ఎవరు ప్రకటించినా, ఆ ఒక్క మాట చాలు, అక్కడ బుక్ చేయకండి.

వెళ్ళాలనుకుంటే గైడ్‌తో ఉన్న కయాక్ టూర్ తీసుకోండి. అనుమతి ఉన్న కంపెనీల పేర్లు హవాయి స్టేట్ పార్క్స్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, మీరు కట్టబోయే కంపెనీ పేరు అందులో ఉందో లేదో పోల్చి చూసుకోండి. పిల్లల సైజు జాకెట్ ఉందా అని ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో అడిగి, జవాబు దగ్గర పెట్టుకోండి. పెద్దవాళ్ళు, తెడ్డు వేయలేనివాళ్ళు ఉంటే కెయౌహౌ బే నుంచి వచ్చే పెద్ద పడవల టూర్లు నయం. కాలిబాట ఒకవైపే దాదాపు రెండు మైళ్ళు. దిగడం తేలికే, ఎండలో తిరిగి ఎక్కేటప్పుడు దాదాపు 400 మీటర్ల ఎత్తు. కింద తాగునీరు, టాయిలెట్ ఏమీ ఉండవు. అమ్మానాన్నలను మాత్రం ఆ బాటలో తీసుకెళ్ళకండి.

డబ్బు వెనక్కి అడిగితే "మీరు కయాక్ వాడుకున్నారు కదా" అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. రెండు రోజులకు ఆ ప్రకటనలో "స్తంభం దగ్గర దిగవచ్చు" అన్న మాట తీసేశారు. అదృష్టం కొద్దీ బుక్ చేసినరోజు తీసిన స్క్రీన్‌షాట్ నా ఫోన్‌లో ఉంది. దాన్ని జత చేసి క్రెడిట్ కార్డు వాళ్ళకు ఫిర్యాదు పెట్టాను, వాళ్ళు విచారిస్తున్నారు. మీరూ డబ్బు కట్టేముందు ప్రకటన మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.