40 హార్స్‌పవర్ ఇంజనుకు హ్యాండిల్ మేలా, స్టీరింగు మేలా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే 61 రోజుల్లో, విశాఖపట్నంలోని మా పెద జాలారిపేట ఒడ్డున ఫైబర్ బోట్లన్నీ ఇసుక మీదికి చేరతాయి. వలలు బాగుచేసుకోవడం, రంగులు వేయించుకోవడం, ఇంజన్లు విప్పించడం, కొనగలిగినవాళ్ళు కొత్త ఇంజను కొనుక్కోవడం అన్నీ ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. బోటు వెనక అంచుకు బిగించే ఇంజనును 9.9 హార్స్‌పవర్ నుంచి 25కో 40కో మార్చాలనుకునేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న కొన్నేళ్ళుగా ఒకటే: వెనక కూర్చుని ఇంజనునే చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్నది తీసుకోవాలా, కారులో ఉన్నట్టు స్టీరింగు చక్రం పెట్టించుకోవాలా? ఈసారి మా ఇంటి బోటుకే 40 బిగించాల్సి వచ్చింది కాబట్టి, ఇన్నాళ్ళూ నోటిమాటగా చెప్పినదాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

9.9 దగ్గర ఈ ప్రశ్నే రాదు, దానికి హ్యాండిలే. 115 వంటి పెద్ద ఇంజన్లకు కూడా హ్యాండిల్ అమర్చి అమ్మే కంపెనీలు ఉన్నాయి గానీ, ఇంజను బరువే 160 కిలోలు దాటే ఆ స్థాయిలో మన ఒడ్డున దాన్ని చేత్తో తిప్పుతూ వేట చేయాలని నేను ఎవరికీ చెప్పను. కాబట్టి సందేహమంతా 25 నుంచి 60 వరకు ఉన్న ఇంజన్ల గురించే. అసలు అంత శక్తి అవసరమా అన్న అనుమానానికి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. నీటిని చీల్చుకుంటూ పోయే బోటుకు దాని పొడవే వేగానికి హద్దు పెడుతుంది. నీటిని ఆనుకునే పొడవు 25 అడుగులైతే ఆ హద్దు సుమారు 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్లకు కాస్త పైన. దాన్ని దాటాలంటే బోటు నీటిని చీల్చడం మాని నీటి మీదికి లేవాలి. మన 28 అడుగుల బోటును 9.9 అలా లేపలేదు, బోటు తేలికగా ఉన్నప్పుడు 40 లేపుతుంది. సూర చేప కోసం దూరం వెళ్ళి, తెల్లవారి వేలానికి ఒడ్డు చేరాలనుకునేవాడికి ఈ తేడా విలువ తెలుసు. కవ్వళ్ళ వంటి చిన్న చేపల కోసం తీరం వెంబడే తిరిగేవాడికి 40 దండగ.

ఇక హ్యాండిలా, స్టీరింగా అన్నది. అమ్మేవాళ్ళు ధర గురించి, సుఖం గురించి చెబుతారు. నా దృష్టిలో దీన్ని తేల్చవలసినవి ఆ రెండూ కావు. మీ బోటు రాత్రి ఎక్కడ నిలుస్తుంది? ఫిషింగ్ హార్బరు లోపల కట్టి ఉంచుతారా, లేక జాలారిపేట, మంగమారిపేట, ముత్యాలమ్మపాలెం వంటి చోట్ల నేరుగా కెరటాలు విరిగే ఒడ్డుకు చేర్చి ఇసుక మీదికి లాగుతారా? దీనికి వచ్చే జవాబును బట్టే మిగతావన్నీ తేలతాయి.

ఒడ్డుకు వచ్చేటప్పుడు ఏం జరుగుతుందో మనవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు, కానీ ఇంజను కొనేటప్పుడు మాత్రం అది ఎవరికీ గుర్తురాదు. కెరటాలు విరిగే గీతకు బయట బోటును నిదానింపజేసి చూస్తూ ఉంటాం. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి. ఆ గుంపులో చివరిది దాటాక, దాని వీపు మీద, దాన్ని మించకుండా, దానికి వెనకబడకుండా లోపలికి రావాలి. మించితే బోటు ముక్కు నీటిలోకి దిగుతుంది, వెనకభాగం పైకి లేస్తుంది, బోటు అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. వెనకబడితే తర్వాతి కెరటం వెనక నుంచి ఎక్కి ఇంజనును ముంచుతుంది. ఆ కొద్ది క్షణాల్లో నడిపేవాడు ముందు కెరటం ఎంత దూరంలో ఉందో, వెనక కెరటం ఎంత ఎత్తు లేచిందో రెండూ ఒకేసారి చూడాలి, చూసిన వెంటనే వేగం మార్చాలి.

హ్యాండిల్ దగ్గర కూర్చున్నవాడు మొదటి నుంచీ బోటు వెనక అంచున పక్కకు తిరిగే కూర్చుంటాడు కాబట్టి, అతను మెడ తిప్పితే చాలు, ముందూ వెనకా కనిపిస్తాయి. వేగం పెంచే పిడీ, దారి తిప్పే హ్యాండిలూ ఒకే చేతిలో ఉంటాయి. మణికట్టు తిప్పితే వేగం, మోచెయ్యి కదిపితే దారి. స్టీరింగు దగ్గర నిలబడ్డవాడి ముఖం ముందుకే ఉంటుంది. ఒక చెయ్యి చక్రం మీద, రెండోది వేగం మార్చే లివరు మీద ఉండగా, వెనక కెరటానికీ అతనికీ మధ్య పదిహేను అడుగుల దూరం, ఒక వల కుప్ప, ఇద్దరు మనుషులు ఉంటారు. గత ఏడాది మా మేనల్లుడు ఇదే విషయంలో మా మావయ్యతో వాదనకు దిగాడు. చక్రం పెట్టిస్తే నిలబడి నడపవచ్చు, నడుము నొప్పి ఉండదని వాడి మాట. ఆయన బీడీ ఆర్పకుండానే, "ఉండదు గాని, ఎనకాల్నించి వచ్చే కెరటాన్ని నడుంతో సూస్తావేటి?" అన్నాడు. నేను రెండు పేరాల్లో రాసింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

దాని తర్వాతి ఘట్టం ఇంజను ఎత్తడం. నీళ్ళు మోకాలి లోతుకు వచ్చేసరికి ఇంజను ఆపి, పైకి వంచి కొక్కెం వేసేయాలి. ఆలస్యమైతే నీటిలో తిరిగే పంకా (ప్రొపెల్లరు) ఇసుకలో దిగబడుతుంది, ఇంజను పీల్చే నీటితో ఇసుక లోపలికి పోయి నీటి పంపులోని రబ్బరు చక్రాన్ని అరగదీస్తుంది. ఇంజను పక్క నుంచి పిచికారీలా వచ్చే నీటి ధార సన్నబడిందంటే చాలావరకు కారణం ఇదే. హ్యాండిల్‌వాడు ఉన్నచోటు నుంచి లేచి ఇంజను పట్టుకుని వంచేస్తాడు. స్టీరింగు ఉన్న బోటులో అయితే ఆ పనికి వెనక మరో మనిషిని నిలబెట్టాలి, లేదా బటను నొక్కితే లేచే కరెంటు జాకీ ఉన్న ఇంజను కొని, దానికోసం బ్యాటరీ మోయాలి. ఉప్పునీళ్ళు చిమ్మే బోటులో బ్యాటరీ తీగల గతి ఏమవుతుందో తెలిసినవాడిగా నేను రెండోదాన్ని నమ్ముకోను.

ఇంత చెప్పాక స్టీరింగుకు అన్యాయం చేయకూడదు. దాని అసలు బలం సుఖం కాదు, బరువు. 40 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజను సుమారు 100 కిలోలు, నడిపే మనిషి ఒక 70, పాతిక లీటర్ల ట్యాంకులో పెట్రోలు 18 కిలోల పైన. హ్యాండిల్ బోటులో ఈ బరువంతా చివరి నాలుగైదు అడుగుల్లోనే చేరుతుంది. వేగం పెంచగానే ముక్కు ఆకాశం చూస్తుంది, ముందున్న వల తేలుబుడ్లు కనిపించవు, వెనక అంచు మీదుగా నీళ్ళు లోపలికి వస్తాయి. మనిషినీ ట్యాంకునూ పది అడుగులు ముందుకు జరిపితే అదే బోటు అదే ఇంజనుతో ఇంకా తేలిగ్గా లేస్తుంది. హ్యాండిల్ ఎంచుకున్నవాళ్ళు కనీసం ట్యాంకునూ ఐసు పెట్టెనూ ముందుకు జరిపి, పొడవాటి పెట్రోలు గొట్టం వేయించుకోవాలి. మేము జరిపాము, తేడా మొదటి రోజే తెలిసింది.

స్టీరింగుకు రెండో బలం, వదిలేసినా ఇంజను అంత తేలిగ్గా పక్కకు తిరిగిపోదు. ఈ విషయంలో హ్యాండిల్ నిజంగా ప్రమాదకరం, అది నా తప్పుతోనే నాకు తెలిసివచ్చింది. అప్పట్లో మేము బంధువుల 40ను కొన్నాళ్ళు వాడాము. చెయ్యి నొప్పెట్టకుండా ఉండాలని, వేగం పిడి వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే మరను గట్టిగా బిగించాను. ఇంజనును ఆపే ఎర్ర తాడును మణికట్టుకు కట్టుకోవలసింది పోయి, అడ్డం వస్తోందని పెట్రోలు ట్యాంకు పిడికి కట్టాను. డాల్ఫిన్ నోస్ కొండ దాటి వస్తుండగా, హార్బరులోకి వెళ్తున్న టగ్గు (ఓడలను లాగే పడవ) లేపిన కెరటం పక్క నుంచి తగిలింది, సరిగ్గా అప్పుడే జారుతున్న ఐసు పెట్టె కోసం నేను వంగాను. చెయ్యి హ్యాండిల్ నుంచి జారింది. కన్ను మూసి తెరిచేలోగా ఇంజను చివరిదాకా తిరిగిపోయి, బోటు ఉన్నచోటే బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. మేనల్లుడు అవతలి అంచుకు కొట్టుకున్నాడు. ఇంకో జానెడు పైకి లేచి ఉంటే నీళ్ళలో పడేవాడు, తిరిగి తిరిగి వచ్చే పంకా వాడి మీదికే వచ్చేది. మర బిగించి ఉండటంతో వేగం తనంతట తాను తగ్గలేదు. ట్యాంకు పక్కన కూర్చున్న మా బావ ఆ ఎర్ర తాడును లాగి ఇంజను ఆపాడు. తప్పుగా కట్టిన తాడు ఆ రోజు ఆయన చేతికి అందడం మా అదృష్టమే గానీ, అది నా తెలివి కాదు.

40 దాటిన ఇంజన్లకు ఈ గుంజుడు ఎక్కువవుతుంది. పంకా వెనక నుంచి చూస్తే కుడివైపు తిరుగుతుంది కాబట్టి, హ్యాండిల్ ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. పంకాకు పైన, ఇంజను కాలికి అడ్డంగా ఉండే పళ్ళెంలాంటి పలక కింద చిన్న రెక్క ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని తుప్పు పట్టకుండా వేసిన ముక్క అని మాత్రమే అనుకుంటారు. బోటు ఏ పక్కకు పోతోందో ఆ రెక్క వెనక కొసను ఆ పక్కకే కాస్త తిప్పి మళ్ళీ బిగిస్తే లాగుడు చాలావరకు తగ్గుతుంది. గంటల తరబడి చేత్తో కుస్తీ పట్టి, చివరికి స్టీరింగే మేలు అనేవాళ్ళలో సగం మంది ఆ రెక్కను ఒక్కసారి కూడా ముట్టుకోనివాళ్ళే.

స్టీరింగుకు ఉన్న పెద్ద లోపం మన వాతావరణంలోనే ఉంది. చక్రం, దాని పళ్ళ పెట్టె, ఇంజను తిప్పే కేబులు, వేగానికొక కేబులు, గేరుకొక కేబులు, ఇన్ని కొత్త వస్తువులు ఉప్పుగాలిలో ఉండాలి. రోజూ వాడుతున్నంత కాలం అవి బాగానే ఉంటాయి. రెండు నెలల నిషేధంలో కదలకుండా పడి ఉంటే లోపలి గ్రీజు గట్టిపడి, కొసల దగ్గర తుప్పు చేరి, కేబులు బిగుసుకుపోతుంది. తెలిసినవాళ్ళ బోటు ఒకటి జూన్ 15 తెల్లవారుజామున అందరితో పాటు బయల్దేరబోయి, చక్రం అంగుళం కూడా తిరగక ఆగిపోయింది. ఐసు నింపి, మనుషులకు బయానా ఇచ్చి, మొదటి రోజు వేట పోగొట్టుకున్నారు. నిషేధంలో వారానికొకసారి చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఇంజను దగ్గరి కడ్డీకి గ్రీజు పూస్తే ఈ గొడవ ఉండదు, నిజమే. పూసేవాళ్ళు ఎంతమంది? పైగా చక్రం నిలబెట్టిన పెట్టె 28 అడుగుల బోటులో వల లాగే చోటనే అడ్డం వస్తుంది. ప్రతి మూలకూ వల తగులుకుంటుంది.

టూస్ట్రోకా, ఫోర్‌స్ట్రోకా అని కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. 40లో టూస్ట్రోకు పాతిక కిలోల దాకా తేలిక, బాగుచేయడం సులువు. కానీ కార్బొరేటరు టూస్ట్రోకులో లోపలికి వచ్చిన పెట్రోలు కొంత కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది, దానిపైన 50 లీటర్లకు లీటరు చొప్పున నూనె కలపాలి. రోజూ దూరం వెళ్ళేవాళ్ళకు ఫోర్‌స్ట్రోకే గిట్టుబాటు. నిషేధంలో ఇంటికి తెచ్చి పెట్టేటప్పుడు మాత్రం దాన్ని ఏ పక్కకు పడితే ఆ పక్కకు పడుకోబెట్టకండి, లోపలి నూనె సిలిండర్లలోకి దిగుతుంది.

మిగతా దారులు కొన్ని ఉన్నాయి. రెండు 9.9లు పక్కపక్కన పెట్టడం ఒకటి ఆగిపోతే రెండోది తీసుకొస్తుందన్న ధైర్యానికి పనికొస్తుంది, వేగానికి కాదు. పొడవాటి తోక ఉన్న డీజిల్ ఇంజను చవక, మొండిది, వేగం ఆశించేవాడికి కాదు. హ్యాండిల్‌కు ప్లాస్టిక్ పైపు తొడిగి నిలబడి నడపడం చూస్తూనే ఉన్నాం; పైపు పిడి మీద జారితే వేగం మీ చేతిలో ఉండదు, వద్దు.

హార్బరులో గోడ పక్కన కట్టుకుని, 60 ఆపైన బిగించి, పెద్ద వలతో కాకుండా గేలాలతో దూరం పోయేవాళ్ళు స్టీరింగు పెట్టించుకోవచ్చు. ఒడ్డున ఇసుక మీదికి లాగేవాళ్ళకు 40 దాకా హ్యాండిలే సరి. మేము 40 ఫోర్‌స్ట్రోక్ హ్యాండిల్‌తోనే తీసుకున్నాం. వెనక పలకకు బిగింపు మరలతో సరిపెట్టకుండా నాలుగు బోల్టులు వేయించి, వేగం పట్టి ఉంచే మరను పూర్తిగా వదులు చేశాం. రెక్కను మూడో ప్రయాణానికి సరిగ్గా కుదిర్చాం. ఎర్ర తాడు ఇప్పుడు నా మణికట్టుకే; కట్టుకున్నానో లేదో ఇంజను తాడు లాగే ముందు మేనల్లుడు వచ్చి లాగి చూసి వెళ్తాడు.