ప్యాటర్న్ బ్లాక్స్: నాలుగేళ్లు వాడాక

మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు కొన్న చెక్క ప్యాటర్న్ బ్లాక్స్ ఇవి. ఇప్పుడు దానికి తొమ్మిది. ఈలోపు కొన్న బొమ్మలు చాలావరకు అటకెక్కాయి, ఈ డబ్బా మాత్రం ఇంకా హాల్లోనే ఉంది.

250 ముక్కలు, ఆరు ఆకారాలు. పసుపు షడ్భుజి, నారింజ చతురస్రం, ఆకుపచ్చ త్రిభుజం, ఎర్ర ట్రెపీజియం, నీలం రాంబస్, రంగు వేయని సన్నటి రాంబస్ ఇంకోటి. ట్రెపీజియం పొడుగు భుజం ఒక్కటే రెండంగుళాలు, మిగతావన్నీ అంగుళమే. కిటుకంతా ఇక్కడే ఉంది. భుజాల పొడవులో తేడా లేకపోయేసరికి పిల్లల చూపు మూలల మీదికి పోతుంది.

మొదటి ఏడాదంతా పువ్వులు, చేపలు, రైళ్లే. నేనేమీ నేర్పలేదు. తర్వాత ఒకరోజు కాగితం మీద చుక్క పెట్టి, దాని చుట్టూ ఖాళీ లేకుండా ఒకే రకం ముక్కలు పేర్చమన్నాను. త్రిభుజాలు ఆరు పట్టాయి, చతురస్రాలు నాలుగు, షడ్భుజులు మూడే. "భుజాలు ఎక్కువైతే మూల లావైపోతోంది" అంది. కోణం అనే మాట అప్పటికి దానికి తెలియదు. 60, 90, 120 డిగ్రీల సంగతి నేనూ ఎత్తలేదు.

నీలం రాంబస్ దగ్గర పెద్ద పేచీ. నాలుగు భుజాలూ సమానమే కదా, చతురస్రం జట్టులో దీన్నెందుకు చేర్చవని. రెండు మూలలు మొనదేలి, రెండు వెడల్పుగా ఉన్నాయని తనే వేలితో తడిమి చూసుకున్నాక ఊరుకుంది. క్రమ బహుభుజికి భుజాలతో పాటు కోణాలూ సమానంగా ఉండాలని బోర్డు మీద రాసి చెబితే ఇంత తేలిగ్గా ఎక్కేది కాదు.

నాకు బాగా నచ్చిన ఆట ఒకటుంది. మధ్యలో షడ్భుజి, దాని ఒక్కో భుజానికి ఒక్కో చతురస్రం, ఆ సందుల్లో ఆరు త్రిభుజాలు. బయటి అంచు చూస్తే పన్నెండు భుజాల క్రమ బహుభుజి! "అమ్మా, గుండ్రంగా అయిపోతోందే!" అని అరిచింది.

లోపాలూ చెప్పాలి. మొదట వచ్చిన సెట్‌లో చతురస్రాలు కాస్త పెద్దగా కోశారు. ఆ వలయం ఎంతకీ కలవలేదు. తప్పు తనదే అనుకుని పిల్ల ఏడ్చేసింది. గొడవపడి మార్పించుకున్నాను. కొనగానే పది చతురస్రాలు వరుసగా పెట్టి, పక్కనే ఒక్కో చతురస్రం భుజానికి ఒక్కో త్రిభుజం ఆనేలా పది త్రిభుజాలు పేర్చి పొడవు సరిచూసుకోండి. మూలల్లో రంగు రెండేళ్లకే లేచింది. సన్నటి రాంబస్‌లు సగం సోఫా కిందికి పోయాయి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే డబ్బా పైన పెట్టుకోవాల్సిందే, నోట్లో పెట్టేసుకుంటారు.

అన్నిటికంటే పెద్ద లోటు, పంచభుజి లేకపోవడం. ఎందుకు లేదని మా అమ్మాయే అడిగింది. పాత క్యాలెండర్ అట్టతో అంగుళం భుజాలవి కోసిచ్చాను. చుక్క చుట్టూ మూడు పెడితే 36 డిగ్రీల సందు మిగిలింది, నాలుగోది పట్టలేదు. పది నిమిషాలు కుస్తీ పట్టి, చివరికి సందు మూసేద్దామని అట్టలు పైకి లేపి టేపు వేసేసింది. అవి గిన్నెలా లేచాయి. ఇంకా కోసిమ్మంది. పన్నెండు అతికేసరికి బంతి అయిపోయింది. అది ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది, ఒకవైపు సొట్టపోయి.