వానలో విశాఖ నుంచి భీమిలి వరకు: ఒక అద్దె కారు సేవపై నా అభిప్రాయం

గత అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న ఒక రోజున, మా అమ్మను, మేనత్తను వెంటబెట్టుకొని విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సముద్రతీరపు రోడ్డులో వెళ్లి వచ్చాము. దూరం ఎక్కువేమీ కాకపోయినా, పెద్దవాళ్లతో, అదీ వానలో, తెలియని రోడ్డుపై సొంతంగా నడపడం ఇష్టం లేక, ఎనిమిది గంటలకు, ఎనభై కిలోమీటర్లకు లెక్కగట్టి నగరంలోని ఒక చిన్న ట్రావెల్స్ నుంచి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకున్నాము. ఆ రోజు మాకు అక్కరకు వచ్చింది కారు కంటే ఆ డ్రైవరే కనుక, ఆయన పనితనం గురించే ఎక్కువగా రాస్తున్నాను.

చెప్పిన సమయానికి పది నిమిషాల ముందే ఇంటి ముందు కారు ఆగింది. సీట్లు శుభ్రంగా ఉన్నాయి, టైర్లు కొత్తవి. ఎడమవైపు వైపరు రబ్బరు మాత్రం అరిగిపోయి, తుడిచిన ప్రతిసారీ అద్దంపై వంకర చార ఒకటి మిగిల్చేది. వానాకాలంలో కారు అద్దెకిచ్చేవారు బయటికి పంపే ముందే చూసుకోవలసిన విషయమిది.

కైలాసగిరి కింద రోడ్డు మలుపులు తిరుగుతూ సముద్రానికి బాగా దగ్గరగా వెళ్తుంది. ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఎడమచేతి వైపు కొండ, కుడిచేతి వైపు అలలు. 2020 అక్టోబరులో వాయుగుండం ధాటికి బంగ్లాదేశ్‌కు చెందిన ‘ఎం.వి. మా’ అనే సరకు నౌక కొట్టుకువచ్చి ఒడ్డున చిక్కుకుపోయింది ఇక్కడి తెన్నేటి పార్కు దగ్గరే. మేము వెళ్లిన రోజున కూడా అలలు బండరాళ్లను కొట్టి లేచినప్పుడు ఆ తుంపర గాలితోపాటు రోడ్డు మీదికి వచ్చింది. వాననీటిని వైపరు తుడిచేస్తుంది గానీ, ఉప్పునీటి తుంపర అద్దానికి పలుచని పొరలా పట్టుకొని, తుడిచేకొద్దీ మసకబారుతుందని నాకు అప్పుడే తెలిసింది. డ్రైవరు కారును వెడల్పైన చోట పక్కకు ఆపి, సీటు కింద నుంచి మంచినీళ్ల సీసా, పాత దినపత్రిక తీసి, తాను తడుస్తూనే అద్దమంతా కడిగి తుడిచారు. ఎవరూ అడగకుండానే దారిలో ఇలా మూడుసార్లు చేశారు.

తొట్లకొండ పైకి వెళ్లాము. వాననీరు నిలువ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. వాన పడుతుండగా ఆ తొట్లలో నీళ్లు చూడడం, బౌద్ధ భిక్షువులు ఈ కొండమీద ఎలా బతికారో కళ్లకు కట్టినట్టు ఉంది. పైనుంచి సముద్రం బూడిదరంగులో, ఆకాశంతో కలిసిపోయి కనిపించింది. మంగమారిపేటలో పడవలన్నీ ఒడ్డు పైకి లాగి ఉన్నాయి, వలలపై టార్పాలిన్లు కప్పి ఉన్నాయి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర జరిగినది మాత్రం వివరంగా చెప్పాలి. 2014లో జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు నిజానికి ఇసుకే. రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు పొర వల్ల ఎరుపెక్కాయి. వాన నీటికి కోసుకుపోయిన లోతైన గెడ్డల్లో ఆ రోజు ఎర్రని నీరు వడివడిగా పారుతోంది. నేను లోపలికి దిగబోతుంటే డ్రైవరు, “ఈ వానలో గెడ్డలోకి వద్దండి, గట్టు ఎప్పుడు జారిపోతాదో చెప్పలేం, ఇక్కడి నుంచే చూడండమ్మా” అని మృదువుగా, కానీ గట్టిగానే ఆపారు. తిరిగి ఎక్కేటప్పుడు కాళ్లకింద గోనెపట్టా పరిచారు. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి సమాధులు చూసి, అక్కడి నుంచి తీరం వెంబడి ఇంకా ముందున్న ముక్కాం ఊరి వైపు కూడా వెళ్దామని నేను అడిగితే, చీకటి పడేలోపు తిరిగి రాలేమని చెప్పి వద్దన్నారు. ఇంకాసేపు తిప్పితే అదనపు గంటల కింద అద్దె పెరిగేదే అయినా వద్దన్న ఆ నిజాయతీ నాకు చాలా నచ్చింది.

లోపం లెక్కలో వచ్చింది. మాట్లాడుకున్నప్పుడు 2,400 రూపాయలని, డ్రైవరు బత్తా అందులోనే ఉందని చెప్పిన కార్యాలయం, చివరికి బత్తా కింద మరో 300 అడిగింది. ఫోనులో గట్టిగా ప్రశ్నించాక ఆ మొత్తాన్ని తీసివేశారు. కానీ అప్పటిదాకా వానలో నిలబడి ఆ మాటలన్నీ వినవలసి వచ్చింది డ్రైవరే. ఆ 300 నేను ఆయన చేతికే ఇచ్చాను.

ఈ సేవను వాడుకోదలచినవారు బత్తా, పార్కింగ్ రుసుము, అదనపు గంటల ధర మూడింటినీ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి, వైపర్లు బాగున్నాయో లేదో ఎక్కేముందు చూసుకోండి. సంక్రాంతికి మా చెల్లెలి కుటుంబం వస్తోంది. అదే డ్రైవరును పంపితేనే కారు మాట్లాడుకుంటామని కార్యాలయానికి ఇప్పటికే చెప్పాను.