బాక్సా, కర్రీ పాయింటా, మెస్సా?

అమీర్‌పేటలో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు మొదటి జీతం కరిగిపోగానే అడిగే మాట ఒకటే: "అక్కా, రోజూ బాక్స్ తెచ్చుకుంటే నిజంగా డబ్బులు మిగులుతాయా?"

మిగులుతాయి. వాళ్లు అనుకున్నంత కాదు.

నా లెక్క ఇదీ. పూటకి 150 గ్రాముల సోనామసూరి, కిలో 60 చొప్పున 9 రూపాయలు. కూరగాయలు 15, నూనె, పోపు, గ్యాస్ కలిపి 10, పెరుగు 10. అంతా కలిపి 45 అనుకోండి. మెస్‌లో భోజనం 110. రోజుకి 65 మిగిలితే, 22 పనిరోజులకు 1,430.

ఆ 22 దగ్గరే అందరం బోల్తా పడతాం. కిందటి నెల వంటింటి క్యాలెండర్ మీద టిక్కులు పెట్టి చూసుకుంటే నేను బాక్స్ కట్టింది 13 రోజులు. మిగతా తొమ్మిదిలో ఐదు రోజులు మెస్, నాలుగు రోజులు ఫోన్‌లో ఆర్డర్. డెలివరీ, ప్యాకింగ్, పన్నులు కలిపి ఆర్డర్‌కి 250, అంటే మెస్ కంటే 140 ఎక్కువ. బాక్స్ మీద మిగిలింది 845, అందులో 560 ఆర్డర్లకే పోయింది. చేతిలో 285. ఫ్రిజ్‌లో కుళ్లిన తోటకూర ఇందులో కలపలేదు.

అందుకే నేను ధర కన్నా ముందు చూసేది, పొద్దున లేవలేని రోజు కూడా ఆ పని జరుగుతుందా అని. కూర తరగడం జరగదు. కుక్కర్‌లో అన్నం పెట్టడం జరుగుతుంది. ఇప్పుడు రోజూ అన్నం, పెరుగు ఇంటి నుంచే. ఓపికుంటే దొండకాయ వేపుడు (పులుసులు వద్దు, బ్యాగంతా పసుపు మరకలు). లేదంటే ముగ్గురం కలిసి కర్రీ పాయింట్‌లో 40 రూపాయల ప్యాకెట్లు రెండు తెస్తాం. మనిషికి 27 పడుతుంది. మొత్తం 50 దాటదు, ఇంటి కూరకీ దానికీ పెద్ద తేడా లేదు. కాకపోతే నూనె పైకి తేలుతుంటుంది, వారానికి రెండుసార్లు మించి నాకు పడదు.

ఎండాకాలం పెరుగన్నం పులిసిపోతుందంటారు. మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టండి. ఒంటిగంటకి కమ్మగా తోడుకుని ఉంటుంది.

మెస్ సంగతంటారా, ఊరి నుంచి ఎవరైనా వస్తే తీసుకెళ్లడానికి బాగుంటుంది. 5 రూపాయల భోజనం, ఇక్కడ జీహెచ్ఎంసీదైనా ఆంధ్రలో అన్న క్యాంటీన్‌దైనా, ధరలో దానికి పోటీయే లేదు. మా ఆఫీసుకి నడిచేంత దూరంలో లేదంతే. ఆర్డర్ యాప్ ఫోన్‌లోంచి తీసేశాను.

ఇవాళ నా బాక్సులో అన్నం, కందిపొడి, నెయ్యి. కర్రీ పాయింట్‌కి వెళ్లే వంతు ఎవరిదో పన్నెండున్నరకి తేలుతుంది.