క్లోజ్డ్ సైకిల్ ఆప్టికల్ క్రయోస్టాట్: కొన్నేళ్లు వాడాక

మాంగనీస్ బిస్మత్ టెల్లూరైడ్ అనే పొరల అయస్కాంత పదార్థపు పలుచటి ముక్కల మీద లేజర్ వేసి, వెనక్కొచ్చే కాంతి ధ్రువణం ఎంత తిరిగిందో కొలవడం మా పని. దానికోసం తీసుకున్న ఈ క్రయోస్టాట్‌ను, అంటే శాంపిల్‌ను అతి చల్లగా ఉంచే యంత్రాన్ని, కొనమనే చెబుతాను. దాని స్క్రీన్ మీద కనిపించే ఉష్ణోగ్రతను మాత్రం నమ్మొద్దంటాను.

క్లోజ్డ్ సైకిల్ అంటే లోపలి హీలియం వాయువునే మళ్లీ మళ్లీ వాడుకుంటుంది, కాబట్టి ద్రవ హీలియం కోసం ఎదురుచూసే పనే లేదు. రాత్రికి స్కాన్ పెట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. వణుకు కూడా అనుకున్నంత లేదు, కాకపోతే ఉష్ణోగ్రత మార్చిన ప్రతిసారీ లోపలి రాగి కుంచించుకుని లేజర్ చుక్క ముక్క అంచు దాటి జారిపోతుంది. మళ్లీ ఫోకస్ చేసుకోవాల్సిందే.

అసలు చిక్కు ఉష్ణోగ్రతతోనే. సెన్సర్ ఉండేది కోల్డ్ ఫింగర్‌లో (చల్లదనాన్ని శాంపిల్ దాకా తెచ్చే లోహపు కడ్డీ), ముక్క ఉండేది సిలికాన్ చిప్ మీద, ఆపైన లేజర్ వేడి. ఈ పదార్థం మందపాటి ముక్కల్లో అయస్కాంత క్రమం ఏర్పడేది సుమారు 24-25 కెల్విన్ దగ్గర; అంతకంటే వేడెక్కితే ఆ క్రమం, దానితో పాటే సిగ్నల్ పోతాయి. సెన్సర్ 20 చూపిస్తుండగానే సిగ్నల్ మాయమైందంటే, చుక్క కింద నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉందన్నమాట. పవర్ కొన్ని మైక్రోవాట్లకు దించితే తేడా తగ్గుతుంది, నాయిస్ పెరుగుతుంది. కొత్త శాంపిల్ పెట్టగానే మేం ముందు చూసేది ఇదే.

అయస్కాంత క్షేత్రం పెంచేకొద్దీ సిగ్నల్ ఏటవాలుగా ఎక్కుతుంది. సంబరపడకండి, అందులో చాలావరకు కిటికీ, లెన్సుల ఫారడే భ్రమణమే (క్షేత్రంలో ఉన్న గాజు తన గుండా వెళ్లే కాంతి ధ్రువణాన్ని తిప్పడం). పక్కనున్న ఖాళీ సిలికాన్ మీద కూడా ఒకసారి కొలిచి తీసేయాలి.

పక్కపక్క పొరల అయస్కాంతత్వం ఎదురెదురుగా ఉంటుంది కాబట్టి, బేసి పొరల ముక్కలో ఒక పొర వంతు మిగిలి లూప్ (క్షేత్రాన్ని పెంచి తగ్గించినప్పుడు సిగ్నల్ గీసే వలయం) చక్కగా తెరుచుకుంటుంది. సరి పొరల్లో అన్నీ రద్దవ్వాలి, అయినా సిగ్నల్ వస్తుంది. దాన్ని మలినాల మీదికి తోసేయడం తేలికే. కానీ నికర అయస్కాంతత్వం లేకపోయినా పరావర్తన కాంతిలో కుడి, ఎడమ వృత్తాకార ధ్రువణాల మధ్య తేడా రాగలదని 2023లో వెలువడిన ప్రయోగాలు చూపించాయి. అందుకే పొరలు లెక్కపెట్టకుండా లూప్‌కు అర్థం చెప్పకండి.

కంప్రెసర్ రొద భరించలేం, పక్క గదిలో పెట్టించుకోండి. సర్వీసు వాళ్లు ఫోన్‌కు దొరకడం వాళ్ల దయ. క్వాంటం అనామలస్ హాల్ స్థితిని (బయటి అయస్కాంత క్షేత్రం లేకుండానే అంచుల వెంబడి నష్టం లేకుండా కరెంటు పారే స్థితి) కాంతితో చూడాలనుకునేవారికైతే ఇది పనికిరాదు: 2013లో క్రోమియం కలిపిన వేరే పదార్థపు పొరల్లో అది దొరికింది 30 మిల్లీకెల్విన్ దగ్గర, 2020లో ఈ పదార్థపు ఐదు పొరల ముక్కలో 1.4 కెల్విన్ దగ్గర. మా యంత్రం 4 కెల్విన్ కంటే కిందికి దిగదు.