ఆ 'తమ్ముడూ' అనే ఆయన దగ్గర ఆటోక్రాస్ టైర్లు కొనేముందు ఒక్క నిమిషం

డాలస్ చుట్టుపక్కల ఆటోక్రాస్‌కి (ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్ల మధ్య కారు తిప్పి టైమ్ చూసే పోటీ) వెళ్లే మనవాళ్లకి ఆయనెవరో చెప్పక్కర్లేదు. మాజ్దా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు మియాటాకి చక్రాలు, వాడిన టైర్లు అమ్ముతుంటాడు, అందరినీ 'తమ్ముడూ' అంటాడు. ఈ పొద్దున ఇంకో సెట్ అమ్మకానికి పెట్టాడు. అది చూసి ఒళ్లు మండి, కాఫీ కూడా తాగకుండా ఇది రాస్తున్నా.

నాది 2003 మియాటా. మా ఆవిడని బతిమాలి ఒప్పించుకున్న బడ్జెట్ 600 డాలర్లు. ఆయన సెట్ 15 అంగుళాల అలాయ్ చక్రాలు, పైన 205/50 సైజు టైర్లు, 200 ట్రెడ్‌వేర్ (రబ్బరు ఎంత త్వరగా అరుగుతుందో చెప్పే అంకె), అన్నీ కలిపి 550 డాలర్లు. "కళ్లు మూసుకుని రెండు సీజన్లు తిప్పుకో తమ్ముడూ" అన్నాడు. నేను కొనేటప్పుడే మూసుకున్నా.

టైరు ఎప్పుడు తయారైందో చెప్పే డేట్ కోడ్ అడక్కపోలేదు. అడిగితే రెండు టైర్ల ఫోటోలు పంపాడు. రెండింటి మీదా 2222, అంటే 2022లో 22వ వారం. మిగతా రెండు ఫోటోలేవీ అని అడగాలని ఈ మట్టిబుర్రకి తట్టలేదు. అవి డైరెక్షనల్ టైర్లు, తిరగాల్సిన వైపుకి బాణం గుర్తుంటుంది. తేదీతో ఉన్న పూర్తి కోడ్ టైరుకి ఒక పక్కే వేస్తారు. ఎడమవైపు టైర్లకి అది బయటికి కనిపిస్తే, కుడివైపు వాటికి లోపలికి పోతుంది. గ్యారేజీలో చక్రం తిప్పి చూస్తే పది సెకన్ల పని. కానీ టీ ఇచ్చాడు, మీదే ఊరన్నాడు, తెనాలి అన్నాను. వాళ్ల అత్తగారిదీ తెనాలేనట! ఇంకేం చూస్తాను, టైర్లు వేసుకుని వచ్చేశా.

మొన్న ఆదివారం మొదటి రన్‌లోనే తేడా తెలిసింది. కుడివైపు తిరిగితే కారు రోడ్డుని పట్టుకుంటోంది, ఎడమవైపు తిరిగితే జారిపోతోంది. స్లాలమ్‌లో, అంటే వరస కోన్ల మధ్య అటూ ఇటూ మెలికలు తిరిగే చోట, మూడు కోన్లు పడగొట్టాను, కోన్‌కి 2 సెకన్ల చొప్పున 6 సెకన్లు పెనాల్టీ. నా డ్రైవింగే దరిద్రం అనుకున్నా. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ దిగాక కుడివైపు టైరు మీద గోరుతో నొక్కి చూసి, ఇవి ఎప్పటివి అని అడిగాడు. ఎడమవైపు తిరిగేటప్పుడు బరువంతా పడేది కుడి టైర్ల మీదే కదా. ఇంటికొచ్చి జాకీ వేసి లోపలివైపు చూస్తే 1116. 2016 మార్చి! రబ్బరు బిగుసుకుపోయి చెక్కలా ఉంది, పక్కల్లో సన్నటి పగుళ్లు. టైర్ షాపుకి తీసుకెళ్తే ఒక రిమ్ లోపలి అంచు వంగి ఉందని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పి మరీ చూపించారు.

ఫోన్ చేశాను. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది ఇదే. డబ్బు అందేదాకా తమ్ముణ్ణి. ఇప్పుడు "చూడండి" అని మొదలుపెట్టాడు. "చూడండి, నాలుగూ 2022వే అని నేనెక్కడైనా రాశానా? మీరు వచ్చి, చూసి, తీసుకెళ్లారు." మరి మిగతా రెండు ఫోటోలు ఎందుకు పంపలేదు అన్నాను. "మీరు అడగలేదుగా" అన్నాడు. రిమ్ సంగతి ఎత్తితే నవ్వాడు. నిజంగా నవ్వాడండీ. "పార్కింగ్ లాట్‌లో కోన్ల చుట్టూ నిమిషం తిరగడానికి ఇంత రాద్ధాంతమా? ముందు డ్రైవింగ్ నేర్చుకోండి." ఆ 'అండి' నా జన్మలో మర్చిపోను. అత్తగారి ఊరు తెనాలి అన్నది కూడా ఇప్పుడు నమ్మబుద్ధి కావట్లేదు.

డబ్బు వెనక్కి రాదు. "ఫ్రెండ్స్ కింద పంపు తమ్ముడూ, ఫీజు మిగులుతుంది" అంటే అలాగే పంపాను. అమ్మకం అని కాకుండా స్నేహితుడికి పంపినట్టు పంపితే కొన్నవాడికి ఏ రక్షణా ఉండదని ఆఫీసులో పిల్లలకి లెక్చర్లిచ్చేవాణ్ణి నేనే.

ఇందులో ఆయన తప్పు లేనిది ఒకటుంది, అదీ చెప్పేస్తా. ఆ చక్రాల వెడల్పు 7 అంగుళాలు. నా కారుతో వచ్చినవి 6. పెద్దగా మార్పులు చేయని కార్ల కోసం ఉండే స్ట్రీట్ క్లాసులో ఒరిజినల్ వెడల్పే ఉండాలి, కాబట్టి టైర్లు బంగారంలా ఉన్నా నేను ఆ క్లాసులో దిగడానికి పనికిరావు. రూల్‌బుక్ ఫోన్‌లోనే ఉంది, చదవలేదు.

వాడిన సెట్ కొంటే నాలుగు టైర్లూ రెండు పక్కలా చూడండి, డబ్బిచ్చే ముందే రిమ్‌లు మెషీన్ మీద తిప్పించండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

పొద్దున పెట్టిన సెట్‌కి కూడా ఆయన రెండు టైర్ల ఫోటోలే పెట్టాడు.